పోల్కా కొలతల చీటీ

నేను ఉద్యోగం చేసిన బడిలో లైబ్రరీ అంటే రెండు చెక్క బీరువాలు. ఒకదాంట్లో అట్ట ఊడిన ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు ఉండేది. ఒకరోజు పిల్లల కోసం వేరే మాటేదో వెతుకుతుంటే ‘పోల్కా’ కనిపించింది. యూరపు దేశాల్లో జంటలు జంటలుగా పట్టుకుని గంతులేస్తూ ఆడే నాట్యం అని మొదటి అర్థం. ఆ పేరుతోనే ఆడవాళ్ళు తొడిగిన బిగుతు చొక్కా అని రెండోది. బట్ట మీద వేసే గుండ్రటి చుక్కలు అని మూడోది. దొరసానులు ఎగిరిన ఎగురుడు మా ఊరికొచ్చేసరికి గుండీల రవిక అయిందన్నమాట. అది చదివి నవ్వు రావాలి కదా. నేను మాత్రం నిఘంటువు మూసేశాను. ఆ మాటకు నాలుగో అర్థం ఒకటుంది. నిఘంటువు రాసినాయనకు తెలియదు పాపం. పోల్కా అంటే వంతెన. ఆ అర్థం వల్ల మా బాపు ప్రాణం పోబోయింది.

బాపు, అంటే మా నాన్న, బట్టలు కుట్టేవాడు. ఇబ్రహీంపట్నంలో సంత జరిగే వీధిలో మా ఇంటి అరుగే ఆయన దుకాణం. ఆ కాలంలో ఊళ్ళో ఆడవాళ్ళు తొడిగేది రైక. ముందర ముడి వేసుకునేది. పోల్కాకైతే గుండీలుంటాయి, మెడపట్టీ ఉంటుంది. రైక తొడిగితే పల్లె మనిషి, పోల్కా తొడిగితే హైదరాబాదు మనిషి. నోరు తెరవకముందే బట్ట ఊరు చెప్పేసేది.

సర్కారు బడంటే అప్పుడు ఉర్దూ బడే. బాపు అందులో నాలుగో జమాత్ దాకా చదివాడు. తెలుగు మాట్లాడతాడు కానీ రాయడం రాదు. కొలతలన్నీ చిన్న చీటీల మీద ఉర్దూలోనే గీకేవాడు. అదీ పూర్తిగా కాదు, పైన బట్ట పేరు తప్ప మిగతా ప్రతి మాటకూ మొదటి అక్షరం ఒక్కటే. ఆయన బద్ధకం చూసి అవ్వ, అంటే మా అమ్మ, ‘నీ రాత నువ్వు సస్తే ఎవ్వడు సదువుతడు’ అని ఎగతాళి చేసేది. చదివేవాడు దొరుకుతాడని ఆమె అనుకోలేదు.

పోలీసు చర్య అయిపోయిన తర్వాతి మాట ఇది. రజాకార్లు పోయారు, జెండాలు ఎగిరాయి, వీధిలో బెల్లం పంచారు. ఇక తలుపులు తీసి పడుకోవచ్చు అనుకున్నాం. నెల తిరగకముందే మా బడిలో మిలిటరీ దిగింది. సంఘం వాళ్ళు, అంటే కమ్యూనిస్టులు, గుట్టల్లో ఉన్నారని, వాళ్ళకు అన్నం పెట్టిన ఇళ్ళు ఊళ్ళో ఉన్నాయని వెతుకులాట మొదలైంది. పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టయింది మా బతుకు. నాకు పదకొండేళ్ళు. బూటు చప్పుడు వినబడితే చాలు, మంచం కిందికి దూరేదాన్ని.

ఒక మధ్యాహ్నం వీధిలో నరపురుగు లేని వేళ ఒకామె మా ఇంటికి వచ్చింది. అవ్వ పుట్టింటి వైపు చుట్టం, నాకు చిన్నమ్మ వరుస. ఇరవై ఏళ్ళుంటాయేమో. చేతుల నిండా ముళ్ళ గీతలు, రైక భుజం దగ్గర చిరిగి ఉంది. ఆమె సంఘంలో చేరి ఏడాది దాటిందని మాకు తెలుసు, తెలియనట్టు ఉండేవాళ్ళం. చంకలో మూట విప్పి లేత నీలం బట్ట తీసింది. బట్టకు కంట్రోలున్న ఆ రోజుల్లో అంత బట్ట కనిపించడమే గగనం.

“బావా, దీంతోని నాకొక పోల్కా కావాలె. పట్నం బస్సెక్కాలె. అడిగితే బడి పంతులమ్మనని చెప్పుత,” అన్నది.

ఎందుకు పోతున్నావని బాపు అడగలేదు. అడిగితే చెప్తుందేమోనని భయం. ఆడవాళ్ళ కొలత ఆయన ఎప్పుడూ తీయడు. అవ్వ లోపల తలుపు వేసి టేపు పట్టి అంకెలు అరుస్తుంటే బయట అరుగు మీద ఆయన రాసుకుంటాడు. ఆ రోజు అవ్వ అరవలేదు. తలుపు సందులోంచి గుసగుసగా చెప్పింది. నేను మధ్యలో నిలబడి బాపుకు అందించాను. పొడవు పదిహేను. ఛాతీ ముప్పై ఒకటి. నడుము ఇరవై ఆరు. చెయ్యి తొమ్మిది.

“నాలుగొద్దులకు వస్త. సంతకు ఒక్కరోజు ముందుగాల,” అని ఆమె వెళ్ళిపోయింది. బాపు ఆ సాయంత్రమే బట్ట కత్తిరించేశాడు.

మర్నాడు గుండీలు తేవడానికి పోయాడు. అంతకు వారం ముందు హైదరాబాదు సడకు మీద ఒక చిన్న వంతెనను ఎవరో రాత్రికి రాత్రి పగలగొట్టారు. అప్పటినుంచి వీధి మొదట్లో జవాన్లు నిలబడి మగవాళ్ళ జేబులన్నీ వెతుకుతున్నారు. ఆ సంగతి ఊరంతటికీ తెలుసు, బాపుకూ తెలుసు. అయినా పొడవును బట్టి గుండీలు లెక్కపెట్టి కొనాలని కొలతల చీటీ జేబులో పెట్టుకుని పోయాడు. పనివాడికి పనిమీదే ధ్యాస. ఇప్పటికీ తలుచుకుంటే ఆయన మీద కోపమొస్తుంది నాకు.

గుండీల దుకాణం ఆయన పరిగెత్తుకొచ్చాడు.

“వదినె, అన్నను మిలిటరోళ్ళు బడికి తోల్కపోయిండ్రు. జేబుల ఏదో చీటీ దొరికిందట,” అన్నాడు.

అవ్వ ఏడవలేదు. కత్తిరించి పెట్టిన ముక్కలన్నీ ఒక గుడ్డలో చుట్టింది. నా చెయ్యి పట్టుకుంది. ఇంట్లో నన్నొక్కదాన్నే వదిలి పోవడం ఆమెకు భయం, వాళ్ళ ముందుకు నన్ను తీసుకుపోవడం ఇంకా భయం. గడప దాటి రెండుసార్లు ఆగింది. చివరికి తీసుకునే పోయింది.

నేను చదివిన మూడో జమాత్ గదిలోనే బాపును నిలబెట్టారు. నల్లబల్ల మీద మా లెక్కలు ఇంకా చెరిపేయలేదు. బాపు ఎడమ చెంప ఉబ్బి కన్ను చిన్నదైపోయింది. మెడలో టేపు మాత్రం అలాగే వేలాడుతోంది. పంతులు కుర్చీలో సుబేదారు కూర్చున్నాడు. ఎక్కడో ఉత్తరాది మనిషి, ఉర్దూ చక్కగా చదవగలడు. మా పాలిట శాపం అదే.

“యే క్యా లిఖా హై?” అంటూ, ఇదేం రాశావని చీటీ చూపించాడు.

“పోల్కా నాప్, సాబ్,” అన్నాడు బాపు.

“వహీ తో. పుల్ కా నాప్.”

“పుల్ కా నహీ, సాబ్. పోల్కా.”

“మై భీ వహీ బోల్ రహా హూ,” అన్నాడు సుబేదారు. అదే కదా నేనూ అంటున్నది అని.

మూడు జమాత్‌ల ఉర్దూ చదివినా మొదట నాకేమీ అర్థం కాలేదు. తర్వాత బాపు విడమరచి చెబితే తెలిసింది. పుల్ అంటే వంతెన. పుల్ కా నాప్ అంటే వంతెన కొలత. ఉర్దూలో గుణింతాలు సరిగ్గా రాయకపోతే పోల్కా, పుల్ కా ఒకేలా ఉంటాయట. మధ్యలో వావ్ అనే అక్షరం ఒకటి వేస్తే పోల్కా అవుతుంది. బాపు తొందరలో దాన్ని ఎగరగొట్టాడు. ఇరవై ఏళ్ళుగా ఎగరగొడుతూనే ఉన్నాడు. ఉత్తరాదిలో పోల్కా అనే బట్టే లేదు కాబట్టి సుబేదారుకు వంతెన తప్ప ఇంకేమీ కనపడలేదు.

కింది అంకెలు ఇంకా ముంచాయి. లామ్ అనే అక్షరం పక్కన పదిహేను. బాపు లెక్కన లంబాయి, అంటే పొడవు, సుబేదారు లెక్కనా లంబాయే. చే ముప్పై ఒకటి. బాపుకు అది ఛాతీ, ఆయనకు చౌడాయి, అంటే వెడల్పు. కాఫ్ ఇరవై ఆరు. బాపుకు కమర్, నడుము. ఆయనకు కమాన్, వంతెన కింది కమాను. పొడవుకన్నా వెడల్పు రెండింతలున్న వంతెన ఎక్కడుంటుందని ఆయనకు అనుమానం రాలేదు. అలిఫ్ తొమ్మిది దగ్గరికొచ్చేసరికి బాపుకు ఆస్తీన్, రవిక చెయ్యి. సుబేదారు దాన్ని ఆద్మీ అని చదివాడు. తొమ్మిది మంది మనుషులు.

“నౌ ఆద్మీ కౌన్?” అని పొద్దున్నుంచీ అడుగుతున్నారట. ఆ తొమ్మిది మందీ ఎవరు, పేర్లు చెప్పు అని. లేని తొమ్మిది మందిని బాపు ఎక్కణ్ణించి తెచ్చివ్వాలి? దెబ్బలకు తట్టుకోలేక ఏవో తొమ్మిది పేర్లు చెప్పేస్తే తొమ్మిది ఇళ్ళు కూలేవి. చెప్పకపోతే మా ఇల్లు కూలుతుంది. సాయంత్రం లారీలో తీసుకుపోతామని అప్పటికే చెప్పేశారు. లారీలో పోయినవాళ్ళలో తిరిగొచ్చినవాళ్ళను మేం చూడలేదు.

అవ్వ మూట విప్పి ముక్కలు బల్ల మీద పరిచింది. వీపు ముక్క, ముందరి రెండు ముక్కలు, చేతులు. కుట్టని బట్టను చూస్తే కుట్టేవాడికి తప్ప ఎవరికి తెలుస్తుంది? సుబేదారు వాటిని కర్రతో కదిపాడు. మొదటిసారి ఆయన మొహంలో అనుమానం కనిపించింది.

“కిస్‌కా హై?” అన్నాడు. ఎవరిది?

అవ్వ మళ్ళీ నా చెయ్యి పట్టుకుంది. ఆ కొలతల మనిషి ఎవరో చెప్తే వంతెన సంగతిలోంచి బాపు బయటపడతాడు, చిన్నమ్మ చస్తుంది. అప్పుడు ఆమెకు బట్ట కుట్టినందుకు మేమూ చస్తాం.

“మేరీ బేటీ కా,” అన్నాడు బాపు. నా బిడ్డది అని.

బాపు అబద్ధాలు నాకు తెలుసు. అవన్నీ ‘రేపిస్త, ఎల్లుండిస్త’ దగ్గరే ఆగిపోయేవి. ఇంత పెద్ద అబద్ధం ఆయన నోట రావడం నేను వినలేదు. సుబేదారు నన్ను కింది నుంచి మీది దాకా చూశాడు. నేను అప్పుడు ఎండుపుల్లలా ఉండేదాన్ని. పై ప్రాణాలు పైనే పోయాయి.

“నాపో,” అన్నాడు. కొలిచి చూపించమని.

బాపు టేపు మెడలోంచి తీసి నా దగ్గరికి వచ్చాడు. తన వీపు సుబేదారు వైపు పెట్టి నా ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పొడవు కొలిచేటప్పుడు టేపు కొసను వేలి కింద మడిచి పదిహేను అన్నాడు. సుబేదారు చీటీ చూసుకుని తల ఊపాడు. తర్వాత ఛాతీ. టేపు నా వీపు చుట్టూ తిప్పి ముందుకు తెచ్చి, ఎడమ చేతి పిడికిలి మొత్తం టేపు లోపల పెట్టేశాడు, నా ఎముకలకూ టేపుకూ మధ్య. నా గుండె ఆయన పిడికిలి మీద దబదబ కొట్టుకుంటోంది.  నేను ఊపిరి పీల్చి ఎంత ఉబ్బగలనో అంత ఉబ్బి బిగబట్టాను. ఎవరూ చెప్పలేదు, నాకే తోచింది.

“ముప్పై ఒకటి. ఇక్తీస్, సాబ్.”

అంకె మాత్రం నిజంగా ముప్పై ఒకటే. కుర్చీ జరిగిన చప్పుడైంది. సుబేదారు లేచి వస్తున్నాడు. బాపు పిడికిలి తీసేశాడు, టేపు వదలకుండా పట్టుకునే ఉన్నాడు. సుబేదారు పక్కకు వచ్చి వంగి, వదులుగా వేలాడుతున్న టేపులో వేలు పెట్టి లాగాడు. నాలుగు వేళ్ళ సందు ఉంది.

“ఇత్నా ఢీలా?” అన్నాడు. ఇంత వదులా?

 నాకు ఊపిరి అందడం లేదు, వదిలితే ఇంకా చిన్నదాన్నైపోతాను. అప్పుడు అవ్వ మాట్లాడింది. మామూలుగా ఇంట్లో ఎవరినో కసురుకున్నట్టు మాట్లాడింది.

“ఎదిగే పిల్ల గద సాబ్. ఎదిగే పిల్లకు బిగ్గ కుడ్తరా ఎవలన్న? రెండేండ్లు రావాలె గద. బట్ట యాడ దొరుకుతున్నది గిప్పుడు?”

బాపు దాన్ని ఉర్దూలో చెప్పాడు. సుబేదారు నన్నూ బట్ట ముక్కలనూ మార్చి మార్చి చూశాడు. ఎదిగే పిల్లలకు వదులుగా కుట్టడం ఆయన ఊళ్ళో కూడా ఉన్నట్టుంది. చీటీ మడిచి తన జేబులో పెట్టుకున్నాడు. కుట్టి పిల్లకు తొడగండి, సంత రోజు నేనే వచ్చి చూస్తాను, అన్నాడు. పిల్ల ఒంటి మీద ఈ కొలతల పోల్కా లేకపోతే తొమ్మిది పేర్లతో పాటు నీ పేరూ రాసుకుంటాను అన్నాడు.

బాపును వదిలేశారు, ముగ్గురమూ ఇంటికి నడిచి వచ్చాం. 

ఆ రాత్రే బాపు పోల్కా పూర్తి చేశాడు. చిన్నది చేద్దామంటే చీటీ సుబేదారు దగ్గరుంది. వచ్చి పోల్కాను కొలిస్తే? అందుకని రాసిన కొలతకే కుట్టాడు. గుండీల దుకాణం ఆయనే తెచ్చిచ్చిన ఐదు గుండీలు. తొడిగితే నా భుజాలు దాటి జారేది, చేతులు మోచేతుల కిందికి వచ్చేవి. అయినా విప్పొద్దన్నారు. పడుకునేటప్పుడూ విప్పలేదు. ఏ క్షణాన బూటు చప్పుడు వినబడుతుందోనని అరుగు మీదికి పోవడం కూడా మానేశాను. నీళ్ళకు పోతే అవ్వ కొంగు పట్టుకునే పోయేదాన్ని.

చెప్పిన రోజుకు, సంతకు ముందు రోజు మధ్యాహ్నం, చిన్నమ్మ వచ్చింది. అదే చిరిగిన రైక. నా ఒంటి మీద నీలం పోల్కా చూసి గడపలోనే ఆగిపోయింది. అవ్వ జరిగినదంతా గబగబా చెప్పింది. బస్సుకు ఇంకా గంట ఉంది.

“ఇప్పియ్యి బిడ్డా,” అన్నది అవ్వ నాతో. “కుక్క గుంజుకపోయిందని చెప్పుతం. కాలిందని చెప్పుతం. దాని పానం మీదికి వచ్చింది.”

 బాపు మిషిను ముందు కూర్చుని నేల చూస్తున్నాడు. ఆయన ఇయ్యి అంటే ఇచ్చేసేదాన్ని. వద్దు అనడానికి ఆయనకు నోరు రాలేదు, ఇయ్యి అనడానికి ధైర్యం రాలేదు. నేను రెండు చేతులతో గుండీల దగ్గర గట్టిగా పట్టుకున్నాను.

“నేనియ్య,” అన్నాను. “రేపు మిలిటరోడు వస్తే బాపును సంపుతడు.”

అవ్వ నా చెయ్యి లాగబోయింది. చిన్నమ్మ ఆపింది.

“ఉండనియ్యక్క. పిల్ల బెదిరింది.”

దగ్గరికొచ్చి నా మెడపట్టీ సరిచేసింది. అవ్వ పెట్టెలోంచి తన మంచి రైక తీసి ఆమెకు తొడిగించింది. మంచిదైనా రైక రైకే. తల మీదుగా కొంగు కప్పుకుని చిన్నమ్మ బస్సు సడకు వైపు పోయింది.

మర్నాడు పొద్దున్నుంచీ పోల్కా తొడుక్కుని అరుగు మీద కూర్చున్నాను. సంత నిండింది, ఖాళీ అయింది. ఎవరూ రాలేదు. చీకటి పడే వేళ గుండీల దుకాణం ఆయన వచ్చి, మిలిటరీ తెల్లారకముందే బడి ఖాళీ చేసి వేరే చోటికి పోయిందని చెప్పాడు. సుబేదారుకు మా పోల్కా గుర్తే ఉండి ఉండదు. బాపు గోడకు చేరగిలబడి పిల్లాడిలా ఏడ్చాడు. బతికాడు. ఇంకో ముప్పై ఏళ్ళు బతికాడు.

వారం తర్వాత నీళ్ళ దగ్గర అవ్వ ఒక మాట వినివచ్చింది. తుర్కయాంజాల్ దగ్గర బస్సు ఆపి ఒకామెను దింపుకున్నారట. పంతులమ్మనని చెప్పిందట. రైక తొడిగిన పంతులమ్మ ఏ బడిలో ఉంటదని జవాన్లతో ఉన్న పోలీసు నవ్వాడట. ఆ తర్వాత సంగతి తెలియదు. అది మా చిన్నమ్మో కాదో కూడా ఎవరూ ఖాయంగా చెప్పలేదు. కానీ ఆమె మళ్ళీ మా గడప తొక్కలేదు, అవ్వ పుట్టింటికీ రాలేదు.

అవ్వ నన్ను ఒక్క మాట అనలేదు. చాలా ఏళ్ళకు, నా పెళ్ళి కూడా అయ్యాక, బియ్యం చెరుగుతూ తలెత్తకుండా అడిగింది.

“ఆ రోజు నువ్వు ఇయ్యనన్నది బాపుకు ఏమైతదోనన్న భయంతోనేనా బిడ్డా?”

“అవ్,” అన్నాను.

భయం నిజమే. అంత భయం మళ్ళీ ఎప్పుడూ పడలేదు. కానీ అది నా మొట్టమొదటి గుండీల పోల్కా. చిన్నమ్మ వచ్చేదాకా ఆ రెండు రోజులూ, ఇంట్లో ఎవరూ చూడనప్పుడు, అవ్వ అద్దం ముందు నిలబడి ఆ ఐదు గుండీలూ తీసి పెట్టుకుని, పెట్టి తీసుకుని చూసుకున్నాను. అది నాకు ఎంతో నచ్చింది. ఇయ్యబుద్ధి కాలేదు. ఈ మాట అవ్వకు చెప్పలేదు.